అణువిద్యుత్ కేంద్రములు – అసమ్మతి వాఙ్మయము: ఒక విమర్శ

విమర్శ యనగానే మనవారికి కావ్యము, నాటకము, శతకము జ్ఞప్తికి వచ్చును. కాని ప్రజల జీవనమును మార్చెడి వ్రాతలన్నియు గ్రంథాలయములందే యుండవు. ప్రభుత్వ ప్రకటన, ఊరివారు పెట్టుకొన్న అర్జీ, సంతలో పంచిన కరపత్రము, సభలో చదివిన తీర్మానము, ఇవియు వాఙ్మయమే. పద్యములో యతి తప్పినచో పండితుడు నొచ్చుకొనును. అర్జీలో మాట తప్పినచో ఊరంతయు నష్టపడును. కావున రెండవదానికే విమర్శకుని యవసరము హెచ్చు. అట్టి వ్రాతలలో, క్రొత్త అణువిద్యుత్ కేంద్రములు వలదనుచు మన తూర్పు తీరమున వెలువడిన వాఙ్మయమును, దానికి బదులుగా వచ్చిన వాదములను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

చికిటిలో నున్నవారికి అణుశక్తితో నేమి పని యని కొంద రడుగవచ్చును. చికిటి బ్లాకునకు చెందిన సముద్రతీరమున, బాహుదా నది కడలిని చేరు చోటికి చేరువను, ఆంధ్ర సరిహద్దు నానుకొని పాటి సోనాపురము కలదు. అణువిద్యుత్ కేంద్రములకు అనువైన స్థలములని ప్రచురింపబడిన పట్టికలలో ఒకప్పుడు ఆ పేరును చేరినది. పట్టికలో పేరు పడినది కాని యిసుకలో పునాది పడలేదు. అదే తీరమున దక్షిణముగా పోయినచో శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమున కొవ్వాడ యున్నది. 2009లో కేంద్ర ప్రభుత్వము అణువిద్యుత్ కేంద్రమునకు సూత్రప్రాయముగా అంగీకరించిన స్థలములలో అది యొకటి. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల శక్తిగల ఆరు రియాక్టరులను అచ్చట నెలకొల్పవలెనని యోచన. పదునైదేండ్లు గడచినను అది కాగితములయందే యుండెను. చుట్టుపట్ల గ్రామముల జనులు మాత్రము ఆ కాలమంతయు ఇల్లు కట్టుటయా మానుటయా, పొలము బాగుచేయుటయా విడుచుటయా యని తేల్చుకొనలేక యుండిరి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యమని ప్రకటించినది. అప్పటికి దేశమున నున్నది తొమ్మిదివేల మెగావాట్లకు లోపు. పదిరెట్లు మించిన ఈ పెంపునకు స్థలములు కావలెను. చల్లార్చుటకు నీరు కావలెను. నీటికొఱకు సముద్రతీరములు కావలెను. పాత పట్టికలు మరల తెరువబడవని యెవరు చెప్పగలరు?

ఇక ఆ తీరమున నున్న వారెవరు? సోనాపురము, రామయ్యపట్నము, మార్కండి, గోపాలపురము, ఆర్జిపల్లి మొదలగు రేవులలో వేటకు పోవువారిలో పెక్కుమంది యింటిమాట తెలుగు. 1936 ఏప్రిలు 1న గంజాము సీమ మదరాసు రాజధానినుండి క్రొత్త ఒడిశా రాష్ట్రమున చేరినప్పుడు పొలములతో, వర్తకముతో, కొలువులతో స్థిరపడిన మనమెట్లు ఇక్కడనే నిలిచితిమో, వారును అట్లే నిలిచిరి. వారిని నోళియాలని వేరుపరచి పేర్కొనుట మన యిండ్లలో అలవాటైనది. ఉగాది సభకు వారిని పిలువము. మాతృభాషా రక్షణ తీర్మానములో మాత్రము వారి సంఖ్యను కలుపుకొందుము. ఈ వ్యాసమున చెప్పబోవు విషయము వారిని ముందుగాను, మనలను పిదపను తాకునట్టిది.

మొదట అసమ్మతి వాఙ్మయమునందలి దోషములను చెప్పుదుము. దోషములను దాచి మెచ్చుకొనుట విమర్శ కాదు. ఇతరులు ఖండింపకముందే మిత్రుడు చెప్పుట మేలు.

మొదటి దోషము బాంబును, విద్యుత్ కేంద్రమును ఒక్కటిగా చూపుట. హిరోషిమా చిత్రమును అచ్చువేసి క్రింద కొవ్వాడ పేరు వ్రాసిన కరపత్రము గుండెను తాకవచ్చును గాని సత్యమును తాకదు. విద్యుత్ కేంద్రములందు సాధారణముగా వాడు యురేనియములో విచ్ఛిత్తికి తగిన భాగము నూటికి ఐదింటికి లోపు. బాంబునకు తొంబదింటి వరకు కావలెను. అది బాంబువలె పేలదు. దాని యపాయము వేరు. యంత్రమును ఆపిన తరువాతకూడ లోపలి యింధనము వేడిని పుట్టించుచునే యుండును. ఆపిన క్షణమున పూర్వపు వేడిలో నూటికి ఆరేడు వంతులు మిగిలి, క్రమముగా తగ్గును. ఆ వేడిని ఎడతెగక నీటితో చల్లార్చవలెను. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో భూకంపమువలన బయటినుండి వచ్చు విద్యుత్తు తెగినది; ఉప్పెన వచ్చి డీజిలు యంత్రములను ముంచినది; చల్లార్చు దారిలేక మూడు రియాక్టరులలో ఇంధనము కరగినది; లక్షకు పైగా జనులు ఇండ్లు విడిచిరి. భయపెట్టు చిత్రముకంటె ఈ యొక్క వివరణ బలమైనది. ఏలయనగా దీనిని విన్న జాలరి, మా యూరిలో తుపానునకు విద్యుత్తు ఎన్ని దినములు పోవునో నాకు తెలియునని వెంటనే పలుకగలడు.

రెండవ దోషము రేడియోధార్మికత ఏపాటిదైనను మృత్యువే యనుట. ఈ మాటను గంజాము తీరమున పలుకుట కష్టము. ఛత్రపురము వద్ద ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ దశాబ్దములుగా సముద్రపు టిసుకనుండి ఇల్మనైటు, జిర్కాను, మోనజైటు మొదలగు ఖనిజములను వేరుచేయుచున్నది. మోనజైటులో థోరియ మున్నది. ఆ యిసుకకు సహజముగనే రేడియోధార్మికత హెచ్చు. ఇట్టి యిసుకయే గల కేరళలోని కరునాగపల్లిలో జరిగిన పరిశోధన 2009లో ప్రకటితమైనది. సహజ వికిరణమువలన కాన్సరు పెరిగినట్లు అది చూపలేదు. ఇంతమాత్రమున రియాక్టరు వ్యర్థము నిరపాయమని కాదు. వేల సంవత్సరములు కాపాడవలసిన ఆ వ్యర్థము వేరు, మన కాలిక్రింది యిసుక వేరు. ఆ భేదమును చెప్పని వ్రాత, తీరవాసులను వారి తీరమునకే భయపడునట్లు చేయుచున్నది.

మూడవ దోషము బొగ్గును గూర్చిన మౌనము. రియాక్టరు నడచునప్పుడు పొగ రాదు. కర్బన వాయువులు మిక్కిలి తక్కువ. బొగ్గు కేంద్రముల బూడిదను, పొగను ఒడిశావాసులు తాల్చేరు వైపున చాలకాలముగా చూచుచున్నారు. అణువు వలదనువాడు బొగ్గు మేలని తలచుచున్నాడా యను ప్రశ్నకు కరపత్రములలో సమాధానము కానరాదు. కాని జనుల యాచరణలో సమాధాన మున్నది. ఇచ్ఛాపురమునకు దక్షిణమున సోంపేట బీలలో బొగ్గువిద్యుత్ కేంద్రము వలదని రైతులు, జాలరులు నిలిచిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించిరి. అదే దినమున జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని కొట్టివేసినది. అనగా మన తీరవాసులు బొగ్గునకు అనుకూలురై అణువును కాదనలేదు. తమ నీటిని, తమ నేలను తీసికొనెడి దేనినైనను నిలిపి ప్రశ్నించిరి. ఈ వరుసను పట్టుకొనిన వ్రాత మనకింకను రావలసియున్నది.

ప్రతిపక్షపు వ్రాతలును దోషరహితములు కావు. వానిలో ‘స్వచ్ఛము’, ‘బంజరు’ అను రెండు మాటలు పలుమారు కానవచ్చును. పొగ లేనంతమాత్రమున స్వచ్ఛ మనుట, వంటయింటి పొగను గొట్టముద్వారా పంపి అంట్లను అటకపై పెట్టినట్లుండును. ‘బంజరు’ అనుమాట మరింత విచార్యము. సోంపేట బీలను కాగితములు వట్టి భూమిగా చూచినవి. ఊరివారికి అది నీటితావు, మేతతావు, చేపలతావు. ‘బీల’ యను రెండక్షరముల మాటలో నున్న శాస్త్రము ఆ నివేదికలలో లేకపోయెను. మన ఛత్రపురము, రంగైలుండ, చికిటి ప్రాంతముల యిసుక దిబ్బలను చూచిన అధికారికి పంట కానరాదు. ఆ నేలలందలి మొగలిపొదలనుండియే గంజాము మొగలి అత్తరు దేశమంతట పేరు పొందినది. దానికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. వల ఆరవేయు చోటు, తెప్ప లాగు చోటు, అలివి వల లాగువారు నిలుచు చోటు ఏ పట్టాలోను ఉండవు. పట్టా లేనిది లేనిదే యనుట లేఖకుని దోషముగాని నేల దోషము కాదు.

ఇంతవరకు దోషములు చెప్పితిమి. ఇక అసమ్మతి వాఙ్మయములో మిక్కిలి బలమైన భాగము, చిత్రముగా, అందరికంటె తక్కువ ప్రచారము పొందిన భాగమే. అది స్థలమును గూర్చిన వాదము.

రియాక్టరు పుట్టించు వేడిలో ఇంచుమించు మూడవవంతు విద్యుత్తగును. తక్కిన రెండువంతులు నీటిలోనికో గాలిలోనికో పోవును. సముద్రపునీటితో చల్లార్చు వేయి మెగావాట్ల కేంద్రము, రెండువేల మెగావాట్ల వేడిని సముద్రమున కలుపును. తమిళనాడులోని కూడంకుళము కేంద్రమునకు, బయటికి వదలు నీటి వేడి సముద్రపు వేడికంటె 7 డిగ్రీలకు మించరాదని షరతు విధించిరి. గట్టునకు దగ్గరగా వలవేయువానికి ఈ యంకె జీవనాంకము. ఋషికుల్య ముఖద్వారమున తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చునని నవంబరు 1 మొదలు మే 31 వరకు అచ్చటి కడలిలో వేటపై నిషేధమున్నది. తాబేలు కొఱకు ఏడునెలలు ఒదిగియున్న జాలరిని, రియాక్టరు కాపలా కొఱకు మరికొంత ఒదుగుమనునప్పుడు, ఇక నెంత మిగులునని లెక్క చెప్పవలసిన భారము అడుగువారిదే.

తుపానుల మాట చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు నడుమను బరంపురము, గోపాలపురము దెబ్బతినినవి. 2013 అక్టోబరు 12న ఫైలిను గోపాలపురము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వద్ద దాటినది. ఫైలిను నాడు లక్షలాది జనులను ముందుగా తరలించి ఒడిశా ప్రభుత్వము ప్రాణనష్టమును మిక్కిలి తగ్గించినది. అది కొనియాడదగిన కార్యము. కాని తుపాను మూడునాళ్ల ముందు కబురుచేసి వచ్చును; వెళ్లిన పిమ్మట జనులు ఇండ్లకు మరలుదురు. రియాక్టరు ప్రమాదము కబురుచేయదు. మరలు దినమును చెప్పదు. ఒకవేళ రెండును కూడివచ్చినచో, చెట్లు కూలి దారులు మూసికొని, విద్యుత్ స్తంభములు పడిన యా రాత్రి ఎవరు ఎవరిని ఎటు తరలింతురు? సముద్రముకూడ నిలిచిన చోట నిలుచుట లేదు. ఋషికుల్య చేరువ పోడంపేట యను తెలుగు జాలరిపల్లె కడలికోతకు లోనై, ఊరివారు వేరుచోటికి పోవలసివచ్చినది. రామయ్యపట్నమును కోత పీడించుచున్నది. అరువదియేండ్లు పనిచేసి, పిదప దశాబ్దములు కాపాడబడవలసిన కట్టడమునకు ఈ గట్టు తగినదా యను ప్రశ్న భయమునుండి పుట్టినది కాదు; అనుభవమునుండి పుట్టినది.

ఈ ప్రశ్నకు దేశాంతరమున విలువ దొరికిన సందర్భమున్నది. అమెరికాలోని లాంగ్ ఐలండులో షోరహాము అను కేంద్రమును కట్టిరి. ప్రమాదము జరిగినచో జనులను సురక్షితముగా తరలించుట సాధ్యము కాదని 1983లో స్థానిక సఫోక్ కౌంటీ సభ తీర్మానించినది. కట్టిన కేంద్రము వాణిజ్యముగా ఒక్కదినమైనను నడువక మూతపడినది. ఆస్ట్రియాలో స్వెంటెండార్ఫు కేంద్రమును పూర్తిచేసి, 1978 నవంబరు 5న ప్రజలనే అడిగిరి. స్వల్పాధిక్యముతో వలదనిరి; అదియు నడువలేదు. కట్టిన తరువాత అడిగినందులకు ఆ దేశములకు ధననష్టము కలిగినది. కట్టకముందే అడుగుట ధర్మమే కాక పొదుపుకూడ నని దీనివలన తేలుచున్నది.

ధనమును గూర్చియు నొకమాట. కొవ్వాడకు తలపెట్టిన ఏపీ-1000 అను రియాక్టరును చేయు వెస్టింగ్‌హౌస్ సంస్థ 2017 మార్చిలో దివాలా రక్షణ కోరినది. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రములో అదే తరహా రియాక్టరులు రెండింటిని సగములో విడిచిరి. జార్జియా రాష్ట్రములో వోగుల్ వద్ద రెండు పూర్తియైనను ఖర్చు మూడువేల కోట్ల డాలర్లు మించినది. కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ. ఏ. ఎస్. శర్మగారు కొవ్వాడ విషయమున ఏండ్ల తరబడి వ్రాసిన లేఖలు ఈ లెక్కల నడిగినవి. ఆవేశము లేని గద్యము. అంకెలు, చట్టములు, ప్రశ్నలు. ఈ వాఙ్మయశాఖలో అనుకరింపదగిన శైలి యదియని మా యభిప్రాయము. 2010 నాటి అణుప్రమాద బాధ్యతా చట్టము, లోపమున్న యంత్రమును అమ్మినవానిపై కేంద్రము నడుపువారికి హక్కు నిచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమును, 1962 నాటి అణుశక్తి చట్టమును తొలగించి, ప్రైవేటు సంస్థలకు ద్వారము తెరచుచు క్రొత్త చట్టమును చేసినది. ఆ ప్రత్యేకమైన హక్కు క్రొత్త చట్టములో లేదు. ఆంగ్లపు పొడియక్షరములు కలిపి దానికి పెట్టిన పేరు ‘శాంతి’. శాంతిపాఠము విని పెరిగిన మనకు ఆ మాట విలువ తెలియును. పేరునకు తగిన గుణము కలదా యని పరీక్షించుట విమర్శకుని ధర్మము. పేరు విని నమస్కరించుట కాదు.

ఇప్పుడు ఈ వ్యాసమునకు ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. ఇంతటి ప్రశ్నలను జను లెక్కడ అడుగవలెను? 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము అణువిద్యుత్ కేంద్రమునకు ముందు బహిరంగ విచారణ జరుగవలెను. ముప్పది దినముల ముందుగా తెలుపవలెను. పెద్ద నివేదిక ఆంగ్లమున నుండును. దాని సంగ్రహము ఆంగ్లములోను, ‘రాష్ట్రపు అధికార భాష’ గాని ‘స్థానిక భాష’ గాని యగు భాషలోను ఉండవలెను. అధికార భాషకు, స్థానిక భాషకు నడుమ ఆ ప్రకటనలో నొక అడ్డగీత యున్నది. చాలచోట్ల రెండును ఒకటే గనుక ఆ గీత యెవరికంటను పడదు. సోనాపురమువంటి చోట ఆ సన్నని గీతయే ఊరి సరిహద్దు. గీతకు ఒకవైపు ఒడియా, రెండవవైపు తెలుగు. అధికారి తనకు సులువైన వైపును గైకొన్నచో చట్టము తప్పినట్లు కాదు. కాని వేటకు పోవువాని యింటిలో ఆ సంగ్రహమును చదువగలవా రుందురా? విచారణ ముగియునప్పుడు జనుల అభిప్రాయములను స్థానిక భాషలో చదివి వినిపింపవలెనని ఆ ప్రకటనయే చెప్పుచున్నది. తాను చెప్పిన మాటను తన భాషలో తిరిగి వినని మనుష్యుడు, తా నేమి ఒప్పుకొన్నాడో యెట్లెరుగును? అడుగబడని భాషలో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. చెప్పనీయని భాషలోని అసమ్మతి ఎంత గట్టిదైనను వినబడదు.

మరియొకటి. అణుశక్తి నియంత్రణ మండలి విధించిన నియమముల ప్రకారము కేంద్రముచుట్టు 16 కిలోమీటర్ల వలయమును అత్యవసర ప్రణాళికలోనికి తీసికొనవలెను. సోనాపురము కేంద్రముగా ఆ వలయమును గీసినచో అది రాష్ట్రపు సరిహద్దును దాటి ఇచ్ఛాపురమును కలుపుకొనును. ఒకే యపాయము, రెండు ప్రభుత్వములు, రెండు భాషల హెచ్చరికలు. గాలికి సరిహద్దు తెలియదు; సైరను తరువాత వచ్చు ప్రకటనకు మాత్రము తెలియును. ఈ యొక్క కారణముననైనను తెలుగులో హెచ్చరిక, తెలుగులో సంగ్రహము దయాభిక్ష కాక రక్షణ పరికరమని వాదింప వీలున్నది. ఇట్టి వాదమును ఏ కరపత్రమందును మేము చూడలేదు.

మన సంఘములు భాషారక్షణ యనగా పాఠశాల, గ్రంథాలయము, నాటక పోటీ యని తలచుచున్నవి. అవి కావలసినవే. కాని రాజ్యాంగపు 350వ అధికరణము, ప్రతి మనుష్యుడును తన కష్టమును గూర్చి యూనియనులోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞప్తి చేసికొనవచ్చునని హక్కునిచ్చినది. అల్పసంఖ్యాక భాషలవారు జనాభాలో నూటికి పదునైదు ఇరువదివంతు లున్న తావులలో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలోనికి మార్చవలెనను అంగీకారమును చాలకాలమునుండి కలదు. ఈ హక్కులు పద్యములకొఱకు ఏర్పడలేదు, కష్టములకొఱకు ఏర్పడినవి. బహిరంగ విచారణలో వ్రాతమూలకముగను అభిప్రాయము పంపవచ్చును. తెలుగులో వ్రాసిన యర్జీ, తెలుగులో అడిగిన ప్రశ్న, తెలుగులో కోరిన సంగ్రహము, ఈ మూడింటిని సిద్ధము చేయగల విద్యావంతులు తీరపు పల్లెలలో తక్కువ. మన యిండ్లలో హెచ్చు. నోళియాయని వేరుపరచిన వానికి మనము చెల్లింపవలసిన యప్పు ఇది.

అణువిద్యుత్తు దేశమునకు వలదని తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. విద్యావంతులైనవారు దానియందు రెండు పక్షములుగా నున్నారు, ఉండుటయు న్యాయమే. గుజరాతులోని మీఠీవిర్ది జనులు కాదన్నందున 2016లో అచ్చటి యోచనను కొవ్వాడకు మార్చిరి. బెంగాలులోని హరిపురమును 2011లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే కాదన్నది. కూడంకుళమును 2013 మే 6న సుప్రీముకోర్టు షరతులతో అనుమతించినది. ఒకచోట కాదన్నది మరియొక చోటికి పోవుచున్నదని ఈ వరుస చెప్పుచున్నది. గట్టిగా, స్పష్టముగా, తమ మాటలో కాదనగలిగినవారి చోటినుండి, అట్లనలేనివారి చోటికి అది పోవును. కావున మాటలేని తీరమే అందరికంటె ముందుగా ఎన్నుకొనబడును. సోనాపురమునకు మాట నిచ్చుట, అది అవునన్నను కాదన్నను, మన కర్తవ్యము.

అసమ్మతి వాఙ్మయమునకు మా సూచన స్వల్పము. హిరోషిమా చిత్రమును తీసివేసి పోడంపేట చిత్రమును పెట్టుడు. రాక్షసుని పేరు విడిచి నీటి వేడిని, తరలించు దారిని, నష్టపరిహారపు టంకెను అడుగుడు. ‘బంజరు’ అన్నచోట ‘బీల’ యని, ‘మొగలితోట’ యని, ‘వల ఆరవేయు చోటు’ అని వ్రాయుడు. ఇన్నియు చేసి, ఆ కాగితమును ముందుగా తెప్పదగ్గర కూర్చున్నవానికి చదివి వినిపింపుడు. అతడు తలయూపినచో అచ్చువేయవచ్చును. అర్థము కాలేదన్నచో తిరిగి వ్రాయవలెను. ఇంతకంటె కఠినమైన విమర్శకుడు ఈ తీరమున మనకు దొరకడు.